మహారాజు చెవి, మాచమ బెల్లం

ఒకానొక రాజ్యం పక్కన ఒక అడవి ఉండేది. నిజానికి అడవి పక్కన రాజ్యం ఉండేదనాలి, ముందు వచ్చింది అడవే కదా. కాని చరిత్ర రాసేవాళ్ళంతా రాజుగారి ఉప్పు తినేవాళ్ళు కాబట్టి వరస తిరగబడింది. ఆ రాజ్యం పేరు మద్దికోట. ఒకప్పుడు చుట్టూ మద్దిచెట్లు ఉండేవట. ఇప్పుడు కోట మాత్రం మిగిలింది.

రాజు పేరు ప్రచండవర్మ. ఆయనకు పద్నాలుగు బిరుదులు. అవన్నీ చదవడం పూర్తయ్యేసరికి, అర్జీ పెట్టుకోవడానికి వచ్చినవాడు తానెందుకు వచ్చాడో మరిచిపోయేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. పొగిడేవాళ్ళు నలుగురు చుట్టూ చేరితే ఎంతటివాడికైనా వచ్చే జబ్బే ఆయనకీ వచ్చింది.

ఆ కొలువులో ఒక నియమం. అరవై ఏళ్ళు నిండినవాళ్ళే నోరు విప్పాలి. తక్కినవాళ్ళు రాజుగారు అడిగితేనే మాట్లాడాలి. అందువల్ల అక్కడ రాబోయే కాలం గురించి జరిగే చర్చలన్నీ, ఆ కాలాన్ని చూడబోనివాళ్ళే చేసేవారు.

రాజుగారి అడపం, అంటే తాంబూలాల పెట్టె, పట్టుకుని ముప్పై ఏళ్ళుగా సింహాసనం పక్కన నిలబడ్డవాడు గుండయ. వయసు యాభై ఎనిమిది. అంటే ఇంకా రెండేళ్ళపాటు కుర్రవాడే. మాట్లాడే హక్కు లేదు కాని, రాజుగారి నోట్లో ఏ క్షణాన ఎంత తాంబూలం ఉండాలో నిర్ణయించే హక్కు ఆయనదే. అది చిన్న హక్కు కాదని తరవాత తెలుస్తుంది. గుండయ ఎడమచెవి కొంచెం వంకర. ఆ సంగతికీ వస్తాం.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. బావుల్లో చేదలు అడుగు తగిలి డబడబలాడాయి. ఏనుగులు మావటివాళ్ళ మాట వినడం మానేశాయి. కోటవాకిలి దగ్గర ఊళ్ళలోని పడుచుపిల్లలు పోగై, "ఆరేళ్ళ కిందట ఏనుగుసాలల కోసం తూర్పుకొండ అడవి కొట్టేశారు. అప్పటినుంచే వాగులు ఎండాయి, వడగాలులు మొదలయ్యాయి" అని గోల పెట్టారు.

మహామంత్రి బాచరసుకు డెబ్బై రెండేళ్ళు. ఆయన సభలో చిరునవ్వు నవ్వాడు. "కుర్రతనం, ప్రభూ! ఒంట్లో రక్తం వేడిమీద ఉంటుంది. అందుకని లోకమంతా వేడెక్కినట్టు అనిపిస్తుంది. మా చిన్నప్పుడూ ఎండలు కాశాయి. మేం గోల చేశామా?"

సభలోని డెబ్బైఏళ్ళవాళ్ళంతా తాము గోల చెయ్యలేదని ఒప్పుకున్నారు.

అయినా రాజుగారికి ఉక్కపోస్తూనే ఉంది. కనుక ఒక గొప్ప నిర్ణయం జరిగింది. భూమి ఎందుకు వేడెక్కుతోందో తేల్చడానికి 'తాపశాంతి మహాసభ' జరపాలి. పన్నెండు దేశాల రాజుల్ని పిలవాలి. వాళ్ళు కూచోవడానికి వెయ్యి స్తంభాల చెక్కమండపం కట్టాలి. వెయ్యి స్తంభాలకీ కలప పడమటికొండ అడవినుంచి తేవాలి. మిగిలింది ఆ ఒక్క అడవే మరి. వచ్చే శుక్రవారం ఉదయం మొదటి గొడ్డలిపెట్టుకు ముహూర్తం.

ఈ ఏర్పాటులో ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. సభలో ఉన్నవాళ్ళ చూపు అప్పటికే మందగించి ఉండొచ్చు.

సోమవారంనాడు పడమటికొండలోని తేనెగూడెంనుంచి మాచమ అనే అమ్మాయి వచ్చింది. పదహారేళ్ళు. తాళ్ళు పట్టుకుని కొండచరియల మీద తేనెపట్లు దించే కుటుంబం. భయమనేది ఆ ఇంట్లో పుట్టి పెరగలేదు. తిన్నగా మంత్రిగారి పల్లకికి అడ్డంగా నిలబడింది.

"అయ్యా, ఆ కొండ కొట్టేస్తే మా ఊట ఎండిపోతుంది. గూడెం లేచిపోవాలి. మీ సభలో నన్నొక్క మాట చెప్పనివ్వండి."

బాచరసు మర్యాద తెలిసినవాడు. "ఎందుకమ్మా అంత ఆవేశం? యువతకు మహాసభలో తగిన స్థానం ఇచ్చాం. స్వాగతగీతం మీరే పాడాలి."

"పాట మేం కట్టుకోవచ్చా?"

"వద్దు వద్దు. అది రాయించేశాం. పచ్చచీరలు కూడా మేమే ఇస్తాం. చెట్లలాగా కనిపిస్తారు." పల్లకి కదిలిపోయింది.

మాచమ వాకిటి మెట్టుమీద కూలబడింది. అటుగా తమలపాకుల బుట్టతో వస్తున్న గుండయ ఆగాడు.

"ఏడవకమ్మా. ఆకులు తడుస్తాయి."

"ఏడవడం లేదు. తిట్టుకుంటున్నా. అయ్యా, నీ చెవేంటి అలా ఉంది?"

గుండయ చెవి తడుముకున్నాడు. "నీ వయసులో ఉన్నప్పుడు మెలిపెట్టారు. పెట్టింది ఈ రాజుగారి తండ్రి."

ఇక్కడ ఆ దేశపు పాత ఆచారం ఒకటి చెప్పుకోవాలి. పొలిమేర తేల్చినా, రాజు మాట ఇచ్చినా, గొప్ప పని తలపెట్టినా అక్కడ సాక్షిరాయి పాతేవారు. ఇరవై ఏళ్ళలోపు వాళ్ళని ముగ్గురిని సాక్షులుగా పిలిచేవారు. ముసలివాళ్ళని పిలిస్తే తగాదా వచ్చేనాటికి సాక్ష్యం చెప్పడానికి ఉండరు కదా! రాయి పాతించినవాడు సాక్షి చెవి గట్టిగా మెలిపెట్టి, నోట్లో బెల్లంముక్క పెడతాడు. నొప్పీ తీపీ కలిసి పడితే జన్మలో మరిచిపోరని పెద్దల లెక్క. ఆ రెంటి మధ్యా సాక్షి తన కళ్ళతో చూసింది మాత్రమే చెప్పాలి. బిరుదులూ పొగడ్తలూ కుదరవు. బెల్లం నోట్లో పడేదాకా అడ్డు రావడానికి ఎవరికీ అధికారం లేదు. ఆ మాటలే రాతిమీద చెక్కుతారు. ముగ్గురిలో ఇద్దరైనా బతికి ఉన్నంతకాలం ఆ రాయి చెల్లుతుంది.

"పడమటికొండ జోలికి రామని పెద్దరాజుగారు మాట ఇచ్చారు. నేనూ, మరో ఇద్దరం సాక్షులం. వాళ్ళిద్దరూ పోయారు. రెండోవాడు పోయిన సంక్రమణానికి పోయాడు. మంత్రిగారు ఆ కబురు విని పదోరోజుకే మండపం మాట ఎత్తారు" అన్నాడు గుండయ.

"అయితే ఇక ఏం లేదన్నమాట!"

"చూద్దాం. మెలిపెట్టించుకోవడానికి నీ చెవి సిద్ధమేనా?"

"నా చెవికేం? కందిరీగలు కుట్టిన చెవి."

మర్నాడు సభలో గుండయ ఒక నిట్టూర్పు విడిచాడు. చామరం వీచేవాడు ఉలిక్కిపడేటంత నిట్టూర్పు.

"ఏమిటయ్యా గుండయా?" అన్నారు రాజుగారు. అంటే అడిగినట్టే. ఇక మాట్లాడవచ్చు.

"ఏలినవారి మండపం గురించే బెంగ, ప్రభూ. ఇంత గొప్ప పని చేస్తున్నారు. అరవై ఏళ్ళ తరవాత దీన్ని కళ్ళారా చూశామని చెప్పేవాళ్ళెవరు?"

"ఇంతమంది ఉన్నారుగా!" అంటూ రాజు సభను కలియజూశాడు. సేనాపతి దగ్గుతున్నాడు. ఆస్థానజ్యోతిష్కుడు నిద్రపోతున్నాడు. రాజపురోహితుణ్ణి ఇద్దరు పట్టుకుంటే కూచున్నాడు. చూస్తున్నకొద్దీ రాజుగారి ముఖం పాలిపోయింది. "అవును సుమా! ఒక్కడూ ఉండడు. మరి నా కీర్తి?"

"సాక్షిరాయి పాతిస్తే సరి. నాన్నగారి పేరు అలాగే నిలబడింది."

మంత్రి గతుక్కుమన్నాడు. "ప్రభూ, దానికి కుర్రకారు కావాలి. కొలువులోకి రానిస్తే..."

రాజుగారేదో సంశయంగా నోరు తెరిచారు. గుండయ వెంటనే అందులో పెద్ద తాంబూలం పెట్టాడు. అంత పెద్దది ముప్పై ఏళ్ళలో కట్టలేదు. దాన్ని నమిలే లోపల రాజుగారికి నాన్నగారి రాయి కళ్ళముందు ఆడింది. తనకి లేకపోతే ఎలా? నములుతూనే తల ఊపారు. రాజు తల ఊపితే ఆజ్ఞ అయినట్టే.

గురువారం ఉదయం సభ మధ్యలో నల్లరాయి నిలబెట్టారు. గుండయ ఏరిన సాక్షులు వాకిట నిలబడ్డారు. శిల్పి ఉలి పట్టుకుని కూచున్నాడు. రాజుగారు పద్నాలుగు బిరుదుల పట్టీ అందిస్తే, అతను దాన్ని వినయంగా పక్కన పెట్టాడు.

"ఈ రాతికి 'రాజు' అన్న ఒక్క మాటే పడుతుంది, ప్రభూ. ఆచారం."

మొదట వచ్చినవాడు కుమ్మరి చిట్టన. రాజుగారు చెవి పట్టుకుని మెలిపెట్టారు. "ఏం చూశావురా?"

"అమ్మో! చెబుతా, చెబుతా. నేను ఈత నేర్చుకున్న మడుగులోనే ఇప్పుడు కుండలు ఆరబెట్టుకుంటున్నాను. ఇంతే నేను చూసింది."

శిల్పి చెక్కాడు. రాజుగారికి ఆ వాక్యంలో తన కీర్తి ఎక్కడుందో అంతుబట్టలేదు. బెల్లం పెట్టారు.

రెండోవాడు మంత్రిగారి మనవడు సింగన. అతన్ని చూడగానే బాచరసు ముఖం వికసించింది. ఇంటి పిల్లవాడు, బుద్ధిగా చెబుతాడు.

"మా తాతగారి తోటలో మామిడి, నెల ముందే పూసి రెండేళ్ళుగా మాడి రాలిపోతోంది. తాతగారు దిష్టి తగిలిందని చెట్టుకు గుమ్మడికాయ కట్టించారు. అది కూడా ఎండిపోయింది."

"ఒరే సింగా!" అని మంత్రి లేచాడు.

"బెల్లం ఇంకా పెట్టలేదండీ" అన్నాడు శిల్పి, తల ఎత్తకుండానే. మంత్రి కూచోక తప్పలేదు.

మూడో సాక్షి మాచమ. రాజుగారి వేళ్ళు అప్పటికి నొప్పెడుతున్నాయి. అయినా గట్టిగానే మెలిపెట్టారు. పిల్ల కిక్కురుమనలేదు.

"నేను పదేళ్ళదాన్ని ఉన్నప్పుడు తూర్పుకొండ మీద నలభై తేనెపట్లు చూశాను. ఈ ఏడు ఒకటే చూశాను. అది ఏనుగుసాల చూరుకి ఉంది."

"మండపం సంగతేమిటి, పిల్లా? ఒక్కరూ దాని ఊసెత్తరేం?" అన్నారు రాజుగారు విసుగ్గా.

"అది ఇంకా చూడలేదుగా, ప్రభూ. చూడంది చెప్పకూడదు. రేపు చూస్తాను. చూశాక చెక్కిస్తాను."

శిల్పి ఉలి ఆపాడు. "అయితే అడుగున ఖాళీ వదలాలి. ఎంత వదలమంటావమ్మా?"

"ఒక్క వాక్యం చాలు."

రాజుగారు సింహాసనం మీద ముందుకు వంగారు. తనమీద రాబోయే వాక్యం ఏమిటో తెలియకుండా ఏ రాజూ నిద్రపోలేడు. "ఏమిటే ఆ వాక్యం?"

"ఏలినవారు ఏం చేస్తే అది. రేపు గొడ్డలి పడిందనుకోండి, ఇలా ఉంటుంది." మాచమ చేతులు కట్టుకుని రాతివైపు చూస్తూ, వేపచెట్టో చింతచెట్టో చూసి చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఎండ ఎందుకు పెరిగిందో నీడన కూచుని మాట్లాడుకోవడానికి, రాజు మిగిలిన నీడంతా కొట్టించాడు."

సభలో చామరాలు ఆగిపోయాయి. నిద్రపోతున్న జ్యోతిష్కుడికి కూడా మెలకువ వచ్చింది. గుండయ అడపం మూత గట్టిగా పట్టుకున్నాడు. పెద్దరాజుగారి మాటను నలభై రెండేళ్ళుగా మోస్తున్నాడు. తలా మాటా రెండూ ఇక్కడే పోతాయా అనుకున్నాడు. మంత్రి భటులవైపు సైగ చెయ్యబోయి, అమ్మాయి నోట్లో ఇంకా బెల్లం పడలేదని గుర్తొచ్చి చెయ్యి దించేశాడు.

రాజుగారు ఆ వాక్యాన్ని లోపల్లోపల ఒకసారి చదువుకున్నారు. అరవై ఏళ్ళ తరవాత ఎవరో దారిన పోయేవాడు ఆగి దాన్ని చదువుతున్నట్టు అనిపించింది. వాడికి తన పద్నాలుగు బిరుదుల్లో ఒక్కటీ తెలియదు. ఇది తెలుస్తుంది. ముందు ఆయన మీసం కదిలింది. తరవాత పొట్ట కదిలింది. ఆ పైన సింహాసనమే కదిలేటట్టు నవ్వారు.

"బాచరసు గారూ! ఎంతమంది కవుల్ని మేపాను, ఒక్కడూ ఇంత నిజం ఇంత పొట్టిగా చెప్పలేదయ్యా! మండపం లేదు, ఏమీ లేదు. పన్నెండుమంది రాజులూ పడమటికొండ చెట్లకిందే చాపలు వేసుకుని కూచుంటారు. మా నాన్నగారి మాటే నా మాట. ఆ కొండ జోలికి గొడ్డలి పోదు." తరవాత గుండయవైపు తిరిగారు. "ఇదంతా నీ వంటకమేనని నాకు తెలుసులే. ఏం కావాలో కోరుకో."

"సభలో నోరు విప్పే వయసు పదహారు చెయ్యండి, ప్రభూ."

"నీకు ఇంకా రెండేళ్ళేగా! అప్పటిదాకా ఆగలేవా?"

"నేను ఆగగలను. ఎండే ఆగేట్టు లేదు."

రాజుగారు మళ్ళీ నవ్వి, ఆ వరం ఇచ్చి, చేతి కంకణం కూడా తీసి తొడిగారు. అంతటితో ఊరుకోలేదు. సింహాసనం దిగి మాచమ ముందు తల వంచారు.

"నాకు అరవై దాటాయి. మతిమరుపు మొదలైంది. ఏదీ, నా చెవి మెలిపెట్టు."

మాచమ మొహమాటపడలేదు. తేనెతాళ్ళు పట్టిన చెయ్యి అది. రాజుగారు మునివేళ్ళ మీద లేచారు.

"చాలు చాలు! గుర్తుంది, గుర్తుంది! మరి బెల్లం?"

"అది ఇప్పుడు కాదు, ప్రభూ. మాట నిలబెట్టుకున్నాక" అంది మాచమ.

మహాసభ జరిగింది. పన్నెండుమంది రాజులు మూడురోజులు చెట్లనీడన చల్లగా కూచుని, ఎండలు ఎక్కువగానే ఉన్నాయని ఏకగ్రీవంగా తీర్మానించి, వచ్చే ఏడు మళ్ళీ కలుద్దామని వెళ్ళిపోయారు. స్వాగతగీతం ఎవరూ పాడలేదు. మంత్రిగారు మాత్రం కలప సంగతి ఎత్తబోయినప్పుడల్లా, రాజుగారు ఎడమచెవి తడుముకుని మాట మార్చేవారు.

సాక్షిరాతి అడుగున ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ళు గడిచాక, రాజుగారు మంచంపట్టిన రోజుల్లో, మాచమ కోటకి వచ్చింది. కోటలో ఆపేవాళ్ళెవరూ లేరు. పడమటికొండ తేనెలో ముంచిన బెల్లంముక్క ఆయన నోట్లో పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు చప్పరించి, ఇంకొకటి ఉందా అని అడిగారట.