కోయి చేప నోరెందుకు తెరుస్తుంది?

ఒకప్పుడు కోయి చేపలకు నోరుండేది. నోరంటే తిండి తినే నోరు కాదు, మాట్లాడే నోరు. తెల్లారితే చాలు, చెరువంతా ఒకటే గోల.

ఆ చెరువు మరిడమ్మ వాళ్లది. రంగురంగుల కోయి పిల్లల్ని పెంచి, రాజుగారి చేపల పోటీకి తీసుకెళ్లడం ఆ ఇంటి పని. భర్త పోలయ్య నీళ్లు చూసుకునేవాడు. కూతురు నూకరత్నం మేత వేసేది. ఏ పిల్లని ఉంచాలో, ఏ పిల్లని తీసెయ్యాలో మాత్రం మరిడమ్మే చెప్పాలి. ఒక్కొక్క పిల్లనీ తెల్లటి పింగాణీ తొట్టిలో వేయించి, పైనుంచి వంగి చూసేది. వీపు మీద రంగు అందంగా ఉంటే ఉంచేది. లేకపోతే కొంగల మడుగులోకే. అక్కడికి వెళ్లిన చేప ఏదీ తిరిగి రాలేదు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పోటీ అయ్యేదాకా ఏ చేపకీ దాని రంగు చెప్పకూడదు. చెబితే దిష్టి తగులుతుందని భయం. పసిపిల్లల్ని ఎదురుగా పొగడరు చూడండి, అలాగన్నమాట.

చేపకేమో తన వీపు తనకు కనపడదు. పోనీ పక్క చేపని అడుగుదామా అంటే, అది కుళ్లుకుని, "నీదంతా బురద రంగే!" అనేది.

ఒక ఏడాది బుల్లి అనే పిల్ల పుట్టింది. బుల్లికి ఒకటే ఆరాటం, తన వీపు మీద ఏముందో తెలియాలని. రంగుంటే బతుకు. లేకపోతే కొంగ ముక్కు.

ముందు గట్టు మీది కొంగనే అడిగింది. "కొంగ బావా, నా వీపు మీద ఏముంది?"

"వీపు సంగతి నాకెందుకే? నేను చూసేది లోపలి కండని," అంది కొంగ.

నీళ్లని అడిగితే, "మాకు కళ్లెక్కడివే పిచ్చిపిల్లా?" అన్నాయి.

ఇక లాభం లేదని, ఒక మధ్యాహ్నం తల పైకి పెట్టి సూర్యుణ్ణే అడిగింది. "సూరీడు తాతా! నా వీపు మీద ఏముంది?"

సూర్యుడికి అబద్ధం చెప్పడం రాదు. వంగి చూశాడు. "ఏమీ లేదు తల్లీ. సున్నం కొట్టిన గోడలా ఉన్నావు."

బుల్లికి ఏడుపొచ్చింది. "రేపు వస్తుందేమో?"

"ఏమో! రేపు అడుగు."

మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. సూర్యుడు రోజూ వంగి చూసి, "లేదు తల్లీ," అనేవాడు. అయినా బుల్లి మానలేదు. ఎండలో తల పెట్టీ పెట్టీ నుదురు చుర్రుమనేది.

ఇంతలో ముసురు పట్టింది. సూర్యుడు మబ్బుల వెనక్కి వెళ్లిపోయాడు. ఆ ముసురులోనే చేపపిల్లల్ని ఏరే రోజు వచ్చింది.

పోలయ్య బుల్లిని చేతివలతో పట్టి తొట్టిలో వేశాడు. మరిడమ్మ వంగి చూసింది. చూసి అలాగే ఉండిపోయింది. పోలయ్య కూడా కొయ్యబారిపోయాడు.

"అమ్మా, దీని..." అనబోయింది నూకరత్నం.

"నోరు ముయ్యవే!" అని కసిరింది మరిడమ్మ.

బుల్లి గబగబా తొట్టి అంచుకొచ్చింది. "ఏముందమ్మా? బాగాలేనా? చెప్పమ్మా!"

పోలయ్య దాన్ని విడిగా ఒక కుండలో వేసి మూత పెట్టాడు.

'అయిపోయింది, ఈ కుండ కొంగల దగ్గరికే!' అనుకుంది బుల్లి. "నా వీపు మీద ఏముంది?" అని అరిచింది. అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.

పోటీకి వెళ్లాక మరిడమ్మ మూత తీసింది. బుల్లి పైకొచ్చి నోరు తెరిచింది. మాట రాలేదు. మూసి మళ్లీ తెరిచింది. ఒక్క నీటిబుడగ వచ్చింది, అంతే.

అదేం అడుగుతోందో మరిడమ్మకి తెలుసు. అక్కడే కుండ పక్కన కూలబడింది.

"ఒసేయ్, చెప్పకు! పోటీ ఇంకా అవ్వలేదు," అన్నాడు పోలయ్య.

"పోతే పోనీవయ్యా. మాట్లాడేదాన్ని మూగదాన్ని చేశాం." మరిడమ్మ కుండలోకి వంగింది. "ఒళ్లంతా తెలుపే తల్లీ. నుదుట మాత్రం గుండ్రంగా ఎర్రటి బొట్టు. రోజూ ఎండలో పెట్టావే, ఆ చోటే. ఇలాంటి చేపని నేనెప్పుడూ చూడలేదు. నిన్ను కొంగలకెందుకిస్తానే!"

బుల్లి కుండలో గిర్రున తిరిగింది. ఏ దిష్టీ తగల్లేదు. బహుమతి కూడా దానికే వచ్చింది.

కానీ అంత మంచి మాట ఒక్కసారి వింటే చాలుతుందా? చెరువుకి తిరిగొచ్చాక మరిడమ్మ కనపడితే చాలు, పైకొచ్చి నోరు తెరిచేది. ఆవిడ మళ్లీ చెప్పేది. అది చూసి మిగతా చేపలు ఊరుకుంటాయా? "నాది చెప్పు, నాది చెప్పు!" అని ఒకదాన్ని మించి ఒకటి అరిచి, అవీ గొంతులు పోగొట్టుకున్నాయి.

అప్పటినుంచే, మనిషి గట్టు మీదికి రాగానే కోయి చేపలన్నీ గుంపుగా పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, మూస్తాయి, మళ్లీ తెరుస్తాయి. మేత కోసమని పెద్దవాళ్లు అంటారు. మేత వెయ్యండి, నేను కాదనను. కానీ ముందు వంగి చూసి, వీపు మీద ఏముందో వాటికి చెప్పండి.