కలువాకు ఎందుకు చీలింది

ఒకప్పుడు కలువాకు తామరాకులాగే నిండుగా, గుండ్రంగా ఉండేది. మచ్చుకైనా చీలిక ఉండేది కాదు.

ఎర్రకుంటలో ఉండే కలువ మంచిదే. కానీ అబ్బో, ఎంత మొండిదనుకున్నారు! తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కుంట రోజుకో జానెడు ఇంకిపోతోంది. నీళ్ళు పోతే అందరం పోతామని కలువకి బెంగ పట్టుకుంది. ఒకరోజు పొద్దున్నే ఆకుకి ఆకు ఆనించి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కుంటంతా కప్పేసింది. సూది దూరే సందు కూడా లేదు.

"హమ్మయ్య! ఇక సూరీడు ఒక్క చుక్క తాగలేడు" అనుకుంది.

కాసేపటికి కింద నుంచి ఎవరో ఆకుని పొడిచారు. చూస్తే కొర్రమీను. ఈమధ్యే పిల్లల్ని చేసింది. కొర్రమీనుకి నీళ్ళలో ఊపిరి చాలదు, పైకొచ్చి ఒక గుక్క గాలి మింగాలి. పిల్లలకీ అంతే.

"కలువక్కా, కాస్త జరుగవే. పిల్లలకి ఊపిరాడట్లేదు."

"చేపవై ఉండి గాలి గాలి అంటావేమే? విడ్డూరం కాకపోతే! నీళ్ళు కాపాడుతున్నది నీ పిల్లల కోసమే కదా. పొద్దుగూకనీ, తీస్తాను."

"అంతసేపు ఆగలేరక్కా. నా మూతి పట్టేంత సందు చాలు."

"ఒకరికి సందిస్తే అందరూ అడుగుతారు. పో, చల్లగా అడుక్కెళ్ళి పడుకోండి."

కొర్రమీను మళ్ళీ పొడిచింది. మళ్ళీ మళ్ళీ పొడిచింది. కలువ కదిలితేనా! మధ్యాహ్నానికి ఆ పొడవడం ఆగిపోయింది. సర్దుకున్నారులే అనుకుంది, పిచ్చిది.

పొద్దుగూకాక ఆకులు జరిపింది. ఎర్రటి చిన్ని చిన్ని పిల్లలు, గుంపుకి గుంపు, వెల్లకిలా తేలాయి. పెద్ద ప్రాణం గనక తల్లి మాత్రం బతికింది. పిల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. తిట్టలేదు, శాపం పెట్టలేదు.

"నీళ్ళు బాగానే మిగిలాయక్కా" అంది, అంతే.

"ఎంత పని చేశాను తల్లీ!" అని కలువ గొల్లుమంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఒక్కొక్క ఆకునీ అంచు నుంచి కాడ దాకా తనే చీల్చుకుంది. "ఇదుగో దారి, రండమ్మా, ఇదుగో దారి" అని పిలిచింది. ఆ పిల్లలు మాత్రం కదల్లేదు.

అప్పటినుంచే కలువాకుకి ఆ చీలిక. నీళ్ళ అడుగున ఇంకా చుట్టచుట్టుకుని ఉన్న లేతాకుని విప్పి చూడండి, దానికీ ఉంటుంది. ఎవరూ అడగకముందే దారి విడిచి పుడుతుంది.