చక్రవర్తి విడిదిలో నలభై నిమిషాలు

"గురువుగారూ, నా మనసు నిలవాలంటే నేనెక్కడ కూర్చోవాలండీ?"

పదకొండేళ్లుగా వీరభద్రరావు ఈ ప్రశ్న అడగని ఆదివారం లేదు. మా గురువుగారు చయనులు గారు కొవ్వూరులో తమ వీధి అరుగు మీద ఉపనిషత్తులు చెబుతారు. అడిగిన వెంటనే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. "చూద్దాంలేవయ్యా" అంటారు. చూస్తారు కూడా, అది వేరే సంగతి.

ఈ వీరభద్రరావు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మొదట పూజగదిలో కూర్చున్నాడు, పక్కింటి మిక్సీ మోత పడలేదు. డాబా ఎక్కితే దోమలు. గోదావరి గట్టుకు వెళితే ఇసుక లారీలు. తప్పెప్పుడూ చోటుదే. చివరికి, ఇంట్లో భార్య ఉన్నంతకాలం తనకు ధ్యానం కుదరదని తేల్చేసుకుని, హిమాలయాల్లో ఏదో ఆశ్రమంలో ఉండిపోవడానికి అర్జీ నింపేశాడు. గురువు సంతకం ఉంటేనే వాళ్లు చేర్చుకుంటారట. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకునే, గురువుగారితో శిష్యులమంతా వెళ్లిన యూరప్ యాత్రకు మాతోపాటు బయల్దేరాడు. ఆయన భార్య సుభద్రమ్మ గారూ వచ్చారు, వాచిన మోకాలితో. గురువుగారు సంతకం పెడితే తన నలభై ఏళ్ల కాపురం అక్కడితో సరి అని ఆవిడకు తెలుసు. పెట్టొద్దని నోరు తెరిచి ఒక్కమాట అడగలేదు. అడగరేం తల్లీ అని నాకే ఒళ్లు మండేది.

రోముకు కొంచెం దూరంలో, కొండ దిగువన, పూర్వం ఒక చక్రవర్తి కట్టించుకున్న విడిది శిథిలాలు చూడ్డానికి వెళ్లాం. విడిది అంటే నాలుగు గదులనుకున్నాను. ఊరంత ఉంది. జూలై ఎండ మాడు పగలగొడుతోంది. కప్పుల్లేని గోడలు, నీళ్లు లేని స్నానశాలలు, తలల్లేని బొమ్మలు. ఒక్క మనిషికి ఇన్ని గదులెందుకో, అవన్నీ మేమెందుకు చూడాలో నాకర్థం కాలేదు. దారి చూపే అమ్మాయి లూచియా మాత్రం ప్రతి ఇటుక దగ్గరా ఆగి, ఇంగ్లీషులో ఇంకా చెబుతానంటుంది.

"ఏవండీ, రెండు నిమిషాలు ఆ నీడన కూర్చుందామండీ, మోకాలు సలుపుతోంది" అన్నారు సుభద్రమ్మ గారు.

"నీతో బయల్దేరితే ఎక్కడికీ చేరం!" అని విసుక్కుని, వీరభద్రరావు ఆవిణ్ణి అక్కడే వదిలేసి విసవిసా ముందుకు వెళ్లిపోయాడు.

వెళ్లినవాడు మళ్లీ కనబడలేదు. బస్సు బయల్దేరే వేళ దాటిపోయింది, డ్రైవరు వచ్చి చేతులు తిప్పుతూ అరిచి వెళ్లాడు. అందరం తలోదిక్కూ వెతికాం. నీడన కూర్చోవలసిన ఆవిడ, ఆ మోకాలితోనే కుంటుకుంటూ, గోడగోడకీ వెళ్లి "ఏవండీ, ఏవండీ" అని పిలవడం మొదలుపెట్టారు.

దూరంగా, ఒక చిన్న గది గుమ్మం ముందు ఆయన బూట్లు కనిపించాయి. లోపల గోడలో అర్ధచంద్రాకారంగా ఒక గూడు ఉంది. ఆ గూట్లో వీరభద్రరావు పద్మాసనం వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ముఖం ఎంత ప్రశాంతంగా ఉందంటే, తిడదామని వచ్చిన నేను నోరు మూసుకున్నాను. కాళ్ల దగ్గర సన్నని రాతి కాలువ ఒకటి గోడలోంచి బయటికి పోతోంది. దాన్ని చూసి మా వాళ్లు, అభిషేకజలం పోయే సోమసూత్రం అనుకున్నారు. అనుకోవడమేమిటి, చెప్పులు విప్పేసి, గది చుట్టూ బయలుదేరి, శివాలయంలో లాగా ఆ కాలువ దాటకుండా వెనక్కి తిరిగి ప్రదక్షిణాలు చేశారు. ఒకావిడ గోడకు కుంకుమ బొట్టు కూడా పెట్టింది. దాచడమెందుకు, నేనూ మూడు చుట్లు తిరిగాను.

వీరభద్రరావు కళ్లు తెరిచాడు. ఎదురుగా గురువుగారు.

"దొరికిందండీ గురువుగారూ! నలభై నిమిషాలు! ఒక్క ఆలోచన లేదు. ఇది మామూలు చోటు కాదండీ, ఎవరో మహానుభావులు తపస్సు చేసిన చోటు. చోటంటూ సరైంది దొరికితే మనసు అదే నిలుస్తుందని నేను మొదట్నించీ మొత్తుకోవడం లేదూ?" అంటూ జేబులోంచి కాగితం తీసి చాచాడు. "ఇప్పుడైనా సంతకం పెట్టండి."

గుమ్మం దగ్గర సుభద్రమ్మ గారు గోడ పట్టుకుని నిలబడ్డారు. గురువుగారు కాగితం అందుకున్నారు.

అప్పుడే లూచియా రొప్పుతూ వచ్చి, ఆయన కూర్చున్న చోటు చూసి, రెండు చేతులతో నోరు మూసుకుంది. లేవమని బతిమాలింది. ఎందుకని అడిగితే చెప్పింది. అది చక్రవర్తి అతిథులు వాడుకున్న మరుగుదొడ్డి. పైన కన్నంతో ఉండే కూర్చునే బల్ల ఎప్పుడో పోయి ఒట్టి గూడే మిగిలింది. ఆ కాలువ పని ఏమిటో మా ఇంజనీరు గారికి వేరే చెప్పనక్కర్లేదు.

తేలు కుట్టినట్టు లేచాడు వీరభద్రరావు. అందరికీ ఉన్న ఒక్క మంచినీళ్ల సీసా లాక్కుని పాదాల మీద కుమ్మరించుకున్నాడు. బయట బోర్డు పెట్టనందుకు లూచియాను తిట్టాడు, ప్రదక్షిణాలు చేసినందుకు మమ్మల్ని తిట్టాడు. ఇంకెవరూ మిగలక భార్య మీద పడ్డాడు.

"నువ్వయినా వచ్చి లేపొద్దూ? ఎక్కడ చచ్చావు ఇంతసేపూ?"

ఇంతసేపూ ఆవిడ ఎక్కడున్నారో చెప్పడానికి నేను నోరు తెరిచాను గాని గురువుగారు చేత్తో ఆపారు. ఆయన ముఖంలో అంత విసుగు నేనెన్నడూ చూడలేదు. గుమ్మం పక్కన ఎండకు కాలిపోతున్న రాతి మీద ఆ అర్జీ కాగితాన్ని మడత విప్పి పరిచారు.

"దీని మీద కూర్చో తల్లీ, రాయి కాలుతుంది" అన్నారు సుభద్రమ్మ గారితో.

ఆవిడ దాని మీద కూర్చుని కాలు చాపుకున్నారు.

"గురువుగారూ, అదేమిటండీ! నా అర్జీ..."

"నలభై నిమిషాలు నిలిచిందన్నావు. నిజమేనా?"

"నిజమేనండీ, కానీ..."

"ఇలాంటి గది మీ ఇంట్లోనూ ఉంది కదయ్యా."