పుట్టినట్టే ఉన్నవాళ్లకే మందు

జగ్గభూపతి మహారాజుకి ఒక పాడలవాటు ఉండేది. భోజనం చేసి తాంబూలం నోట్లో వేసుకున్నాక, ఎవరేం అడిగినా "ఊఁ" అనేసేవాడు. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు వైద్యశాలాధికారి పుండరీకయ్య. ఆ మహానుభావుడికి శొంఠికీ పిప్పలికీ తేడా తెలియదు గానీ, రాజుగారికి ఎప్పుడు కునుకు పడుతుందో మాత్రం తెలుసు.

ఆ రాజ్యంలో పాత కట్టుబాటు ఒకటి ఉంది. సైన్యంలో చేరేవాడు కత్తి ముట్టుకుని ప్రమాణం చేస్తే, రాజు వాడి భుజం మీద చెయ్యి వేసి, "సరిహద్దు నువ్వు చూసుకో, నీ ఇంటిని నేను చూసుకుంటా" అంటాడు. ఆ మాట మీదే భటుల ఇళ్లవాళ్లందరికీ రాజుగారి వైద్యశాలలో మందిచ్చేవారు.

ఒకనాటి మధ్యాహ్నం పుండరీకయ్య అదను చూసి లేచాడు.

"ప్రభూ, వైద్యశాల మైలపడిపోతోంది. సరిహద్దు కోటలో కాపలా ఉన్న భటుడు నాగప్ప కొడుకు చీర కట్టి, కెంపమ్మనని చెప్పుకుంటూ వచ్చి మందు తాగుతున్నాడు. దేవుడిచ్చిన ఒంటిని మార్చుకునేవాళ్లకి మీ మందెందుకు? పుట్టినప్పుడు ఉన్నట్టే ఉన్నవాళ్లకే మందు అని దండోరా వేయిస్తాను."

"ఊఁ" అన్నాడు రాజు.

పక్కన ఆకులు చుడుతున్న ఓబన్న చెయ్యి ఆగిపోయింది. రాజుగారికి తాంబూలం అందించడం అతని కొలువు. కెంపమ్మను అతను ఎరుగును. మనసుకు తగ్గట్టు ఒళ్లు కుదురుకోవడానికి ముసలి వైద్యుడు ఆమెకు కషాయం ఇస్తున్నాడు. అది ఉన్నట్టుండి మానేస్తే మనిషి నిలవదని ఆ వైద్యుడే చెప్పాడు.

అన్నట్టే అయింది. దండోరా పడ్డాక కెంపమ్మ మంచం పట్టింది. చూడబోయిన ఓబన్న చెయ్యి పట్టుకుని, "అన్నా, నాన్నకి మాత్రం కబురు పెట్టొద్దు. కోట వదిలేసి పరిగెత్తుకొస్తాడు. కాపలా వదిలినవాడి తల తీస్తారు కదా" అంది.

ఓబన్నకి ఒళ్లు మండిపోయింది. తిన్నగా రాజు దగ్గరికి వెళ్లి ఆ ఆజ్ఞ వెనక్కి తీసుకోమన్నాడు.

"నా ముద్ర పడ్డ ఆజ్ఞ" అన్నాడు రాజు చిరాగ్గా. "ఊరికే వెనక్కి తీసుకుంటే నలుగురూ నవ్వరూ? అందులో తప్పేదైనా ఉంటే చూపించు, రద్దు చేస్తాను."

"తప్పేముంది ప్రభూ, బంగారంలాంటి ఆజ్ఞ! ఒక్క రోజు నన్ను వైద్యశాల గుమ్మంలో కాపలా పెట్టండి. అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తాను."

రాజు సరేనన్నాడు. పుండరీకయ్య మీసాల చాటున నవ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయనగారి పల్లకీ వచ్చింది. తలనొప్పి తైలమని చెప్పి రోజూ వైద్యశాలలో జుట్టుకి నల్లరంగు వేయించుకోవడం ఆయన నియమం. ఓబన్న కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగండి అయ్యగారూ. పుట్టినప్పుడు ఉన్నట్టే ఉన్నారా?"

"కళ్లు పోయాయట్రా? మగాడిగా పుట్టాను, మగాడిగానే ఉన్నాను!"

"అది నేనడగలేదు. ఆ చెవులకి వేలాడుతున్న పోగులు చూసి అడుగుతున్నాను."

ఓబన్న కాస్త ముందుకు వంగాడు.

"ఈ తూట్లతోనే పుట్టారా?"

మందుకోసం వచ్చిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పుండరీకయ్య ముఖం కందగడ్డ అయింది. ఒక్క పరుగున పోయి రాజుగారిని వెంటబెట్టుకొచ్చాడు.

"ఏమిట్రా ఇది? రేపు నేనొచ్చినా ఆపుతావా?" అన్నాడు రాజు.

"మీకూ మందు లేదు ప్రభూ. మీ చెవులకీ ముత్యాలున్నాయి."

రాజు చెయ్యి చెవి మీదికి పోయింది. వెనకున్న మంత్రీ, సేనాపతీ కూడా మెల్లిగా చెవులు తడుముకున్నారు.

"అధికారీ, ఏమంటావు?"

పుండరీకయ్య ఒంటికాలి మీద లేచాడు. "ఇదేం చోద్యం ప్రభూ! చెవులు కుట్టించడం మంచికే కదా! కన్నవాళ్లు ఒప్పుకుని, అయినవాళ్ల మధ్య ముచ్చటగా చేయిస్తారు. దానికి దేవుడికి కోపమెందుకు?"

"అలా చెప్పండి!" అన్నాడు ఓబన్న. తను రమ్మంటే వచ్చి, ఆ పక్కనే కూతురు కెంపమ్మను పొదివి పట్టుకుని మెట్టు మీద కూర్చున్న నాగప్ప భార్య గంగులమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, కెంపమ్మ మందుకి కన్నవాళ్లు మీరు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోకేం? వాళ్ల నాన్నే కోటకి పోయే ముందు పేరంటం పెట్టించాడు. ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలిచాను. మా కూతురని అందరి ముందూ చెప్పుకున్నాం."

"మంచికేనా తల్లీ?" అని కెంపమ్మను అడిగాడు.

ఆమె రాజు ముఖంలోకి చూసింది. "ఆ మందు తాగినన్నాళ్లూ నాకు బతకాలని ఉండేది ప్రభూ."

రాజు తల దించుకున్నాడు. పుండరీకయ్య మాత్రం ఊరుకుంటేనా!

"దానికీ దీనికీ పోలికా ప్రభూ? చెవి తూటు ఎంత? చిన్నది!"

ఓబన్న చేతులు జోడించాడు.

"ఎంత తూటు పడితే దేవుడికి కోపమొస్తుందో అధికారిగారినే కొలిచి చెప్పమనండి ప్రభూ. అందాకా వారి చెవులు సున్నంతో పూడ్చి ఉంచుదాం!"

గుమ్మమంతా గొల్లుమంది. రాజు నవ్వు ఆపుకోలేక తాంబూలం అంగవస్త్రం మీద ఒలకబోసుకున్నాడు. తేరుకున్నాక గట్టిగా చెప్పాడు.

"నేను మాటిచ్చింది భటుడి ఇంటికి. ఆ ఇంట్లో కొడుకెవరో కూతురెవరో ఆ ఇంటివాళ్లే చెబుతారు. ఎవరికీ మందు ఆపడానికి వీల్లేదు. ఈ మాట ఇదే గుమ్మం మీద రాతిలో చెక్కించండి."

తన భుజం మీది పట్టుశాలువా తీసి ఓబన్నకి కప్పాడు. తర్వాత పుండరీకయ్య వైపు తిరిగాడు.

"ఈ అమ్మాయి కోలుకునేదాకా కషాయం నువ్వే కాచి, నీ చేత్తోనే అందించాలి. పో, పొయ్యి అంటించు."

పొగకి దగ్గుకుంటూ, చేతులు కాల్చుకుంటూ అధికారిగారు గిన్నె మోసుకొచ్చారు. కెంపమ్మ ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది.

గంగులమ్మ కళ్లు తుడుచుకుని ఆయన మీద గయ్యిమంది. "ఏమయ్యా, గిన్నె సరిగ్గా పట్టుకో! సగం నేలపాలు చేస్తున్నావు!"