గుక్కగౌరి నోము కథ

అక్షతలు చేతబట్టుకొని, మాటలు మాని వినుడి.

పూర్వము మాండవ్యుడను ముని కౌండిన్యుని చూచి, కాలుసేతులు క్రమముగా చచ్చుపడి, తుదకు మెతుకు గొంతు దిగక, ఊపిరి రొమ్మున నిలువక బాధపడువారి ఇంట ఏ నోము నోచవలెనని అడిగెను. కౌండిన్యుడు తన గొంతు తడుముకొని ఇట్లు చెప్పెను.

పెన్నేటి ఒడ్డున అచ్చమ్మ అను ఆమెకు ఇద్దరు కొడుకులుండిరి. పెద్దవాడు ఓబళయ్య, చిన్నవాడు వెంగళయ్య. ఇద్దరును గుడిలో సన్నాయి ఊదుచుండిరి. ఓబళయ్యకు ముందు మెట్లెక్కుట కష్టమాయెను. పిదప సన్నాయిలో స్వరము నడుమనే తెగెను. పిదప త్రాగిన నీరు ముక్కున వచ్చెను. పండుకొన్నచో ఎవరో రొమ్ముమీద కూర్చున్నట్లున్నదని అతడు చెప్పెడివాడు. తల్లి అది గాలిచేష్ట అనుకొని, అతనిని వెల్లకిల పండబెట్టి ఉద్ధరిణెతో తులసితీర్థము నోట పోయుచుండెను. ఒక సాయంకాలము తీర్థము పోసినంతనే అతని గొంతు గురగురలాడి ప్రాణము పోయెను. ఆ చప్పుడు మాత్రము ఇల్లు విడిచి పోలేదు. దీపము పెట్టువేళ గోడలోనుండి వినబడుచుండెను.

కొన్నేండ్లకు వెంగళయ్య గుడిమెట్లవద్ద ఆగిపోయెను. అతని భార్య చెంగమ్మ అతనిని చేయిపట్టి నడిపించెను. ఇంటికి వచ్చి గోడవైపు చూచెను.

అతనికిని నీరు ముక్కున వచ్చిననాడు ఒక ముసలి ముత్తైదువ గడపలో నిలిచి అన్నమడిగెను. చలికి అందరి నోటను ఆవిరి వచ్చుచుండెను గాని ఆమె నోట రాలేదు. లోపల అచ్చమ్మ కొడుకును పండబెట్టి ఉద్ధరిణె ఎత్తెను.

"పొయ్యొద్దు," అనెను ముసలామె.

"తీర్థం వద్దనే ముత్తైదువను ఇప్పుడే చూస్తున్నా. అన్నానికొచ్చినావా, పెత్తనానికొచ్చినావా?" అనెను అచ్చమ్మ.

"ఇప్పుడే కాదులే అచ్చమ్మా. నీ పెద్దోడు పోయిన పొద్దు ఈ గడపలోనే కూర్చోనుంటి. నన్ను దాటుకోనిపోయి నీళ్ళు తెస్తివి."

"అప్పుడే చెప్పకూడదా తల్లీ!"

"చెప్తానే ఉన్నా. గోడలో ఆ చప్పుడు ఎవురిదనుకున్నావు?"

అచ్చమ్మ చేతిలోని ఉద్ధరిణె జారిపడెను. ముసలామె చెంగమ్మను పిలిచి విధానము చెప్పెను. రోగిని నిటారుగా కూర్చుండబెట్టవలెను. గడ్డము రొమ్మునకు వంచవలెను. పలుచని నీరు గాక చిక్కని జావ కొంచెము కొంచెముగా పెట్టవలెను. ఒకసారి మ్రింగినపిదప వట్టి గుటక మరొకటి వేయు వరకు ఆగవలెను. నోట ముద్ద ఉండగా ఎవరును పలుకరింపరాదు. తిన్నవెంటనే పండబెట్టరాదు. నిద్రలోనైనను వీపునకు దిండ్లు ఎత్తుగా ఉంచవలెను. ఎదుట ఒక పీట వేసి, దానిమీద తనకును ఒక గిన్నె జావ పెట్టవలెను. ఇది గుక్కగౌరి నోమని చెప్పి ఆమె కనబడకపోయెను.

చెంగమ్మ అట్లే చేసెను. వెంగళయ్య మ్రింగినప్పుడెల్ల వట్టిపీట మీది గిన్నెలో జావ ఒకింత తగ్గుచుండెను. ఇంటివారు చూచియు చూడనట్లుండిరి.

ఒక పండుగనాడు చెంగమ్మ తమ్ముడు వచ్చి, బావ నోట జావ ఉండగా నియమము మరచెను. "ఏం బావా, సన్నాయిని పండబెట్టి జావ ఊదుతున్నావే!" అనెను. వెంగళయ్య నవ్వెను. నవ్వుచుండగానే పెదవులు నల్లబడెను. గోడ గురగురలాడెను, పీట దానంతటదియే వెనుకకు జరిగెను. చెంగమ్మ మగని ముందుకు వంచి, అతడు దగ్గబోవునప్పుడెల్ల కడుపుపై అరచేతులతో నొక్కెను. దగ్గు పెగిలి ఊపిరి వచ్చెను. తమ్ముడు మూలన కూర్చుండి ఏడ్చెను. మరునాడు పీటను తానే కడిగి యథాస్థానమున వేసెను.

కాళ్ళు రాలేదు. సన్నాయి మేకునుండి దిగలేదు. అయినను వెంగళయ్య ఇంటివారితో కూడ భుజించుచు చాలకాలము బ్రతికెను. తుదినాడు దిండ్లకు ఆనుకొని కూర్చుండెను. "తీర్థం పొయ్యనా నాయనా?" అని తల్లి అడిగెను. అతడు ఆమె చేతివైపు చూచెను. ఆమె ఉద్ధరిణె పక్కనబెట్టి, తులసిదళముతో పెదవులు మాత్రము తడిపెను. చప్పుడేమియు లేక ప్రాణము పోయెను. పీట మీది గిన్నె నిండుగానే ఉండెను. దీపము పెట్టి అందరును గోడకు చెవియొగ్గిరి. ఏమియు వినబడలేదు.

కావున నరములు సడలినవారి ఇల్లాండ్రు, తల్లులు, అన్నదమ్ములు, వారికి అన్నము కలుపు చేతులన్నియు ఈ నోము నోచవలెను. నోచినవారికి పోయిన బలము రాదు. తిన్నది ఒంటబట్టును, నిద్రలో ఊపిరి తోడుండును, గోడలు మౌనముగా ఉండును.

ఇక అక్షతలు తలపై వేసికొనుడి. ప్రసాదము ముందుగా మంచమున ఉన్నవానికి, లేపి కూర్చుండబెట్టి, పెట్టుడి. అతడు రెండవ గుటక వేయువరకు ఎవరును పీటలనుండి లేవవలదు.