పాలపళ్ళమ్మకు బెల్లం ఎందుకు పెట్టరు

శారదా నది ఎగువన, చెరకు తోటల నడుమ గానుగలపాలెం ఉంది. ఊరంతా వండేది బెల్లమే. అయినా ఇక్కడి పాలపళ్ళమ్మ గుడి గడపలోకి బెల్లం ముక్క రానివ్వరు. యాత్రికులు వింతపడి అడిగే ఆ సంగతి ఇది.

పూర్వం ఇక్కడ నూకరత్నం అనే ఇల్లాలు బెల్లపు పొయ్యి చూసుకునేది. పాకం కాగుతున్నంతసేపూ పక్కకు కదలడానికి వీలుండదు. అందుకని కూతురు అచ్చియ్యమ్మ ఏడవకుండా గుడ్డలో బెల్లం మూటకట్టి నోటికిచ్చేది. ఆ ఊరి తల్లులందరిదీ అదే అలవాటు. పిల్ల చప్పరిస్తూనే నిద్రపోయేది. మూడో ఏడు వచ్చేసరికి పైవరుస కోరపన్ను నల్లబడి గుంటపడింది.

"పాలపళ్ళే కదేటే, ఎలాగూ ఊడిపోతాయి" అంది అత్త సన్యాసమ్మ. నూకరత్నానికీ ఆ మాటే హాయిగా తోచింది.

ఒకనాడు పాకం పొయ్యి మీద ఉండగా పిల్ల బుగ్గ వాచింది. మధ్యాహ్నానికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. వాపు కంటి కిందికి పాకింది, గుక్కెడు నీళ్ళు మింగుడుపడటం లేదు. అప్పట్లో అమ్మవారంటే పొయ్యి పక్కనున్న పసుపు రాయే. దాని ముందు కొత్త బెల్లం పెట్టి నూకరత్నం సాగిలపడింది. అలసటకు అక్కడే కన్ను మూతపడింది. కలలో అమ్మ ఆ బెల్లాన్ని నెట్టేసింది.

"ఇది నాకెందుకే? ముందు దాని నోరు తెరిచి సూడు. ఏరు దాటించు."

నూకరత్నం ఉలిక్కిపడి లేచి పిల్ల నోరు తెరిచింది. నల్లపన్ను మీద చిగురు చీముపట్టి ఉబ్బి ఉంది. పిల్లను భుజానేసుకుని కదిలింది.

"పాకం ముదిరిపోతంది, ఎక్కడికే?" అని అత్త అడ్డుపడింది.

"మాడిపోనీ అత్తా. పిల్ల నాకు దక్కాల."

నదిలోకి దిగితే నీళ్ళు నడుముదాకా వచ్చాయి. భుజం మీద పిల్ల మూలగడం కూడా మానేసింది. ఊపిరి ఉందో లేదో ఆగి చూసుకునే ధైర్యం తల్లికి లేకపోయింది. అవతలి ఒడ్డున పళ్ళు తీసే వైద్యుడు గంగులయ్య ఆ పన్ను పీకి, చీము తీసి, కషాయంతో కడిగాడు. పొద్దు వాలేవేళకు పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. నూకరత్నం భోరున ఏడ్చింది.

"పేనానికి బయం నేదమ్మా" అన్నాడు గంగులయ్య. "కానీ ఎనకాలొచ్చే పన్నుకి సోటు కాసేది ఈ పాలపన్నే. ఇక అది తిన్నగా వత్తాదని సెప్పనేను."

అలాగే అయింది. పదేళ్ళు దాటాక కొత్త కోరపన్ను పక్కపన్ను మీదికెక్కి వంకరగా మొలిచింది. అచ్చియ్యమ్మ చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేది. అమ్మవారికి గుడి కట్టి విగ్రహం నిలిపిన రోజున, ఆ వంకర తీసెయ్యమని నూకరత్నం మొక్కింది. మర్నాడు గుడి తలుపు తీశారు. అచ్చియ్యమ్మ పన్ను అలాగే ఉంది. శిల్పి తిన్నగా చెక్కిన అమ్మవారి కోరపన్ను మాత్రం వంకర తిరిగి ఉంది. అచ్చియ్యమ్మ కాసేపు చూసి, చెయ్యి తీసి నవ్వింది.

నేటికీ బిడ్డకు తొలిపన్ను రాగానే తల్లులు ఇక్కడికి తెస్తారు. తడిగుడ్డతో ఆ పన్ను తుడిచి, నోట తీపి ఉండగా నిద్రపుచ్చబోమని అమ్మవారి ఎదుట మాట ఇస్తారు. ఆ మాట నిలుపుకున్న ఇంట పిల్లలకు పంటిపోటు రాదని నమ్మకం. వంకరపన్ను ఉన్న ఆడపిల్లలు మాత్రం ఏ మొక్కూ లేకుండానే వస్తారు. అమ్మవారికి ఎదురుగా నిలబడి, నోరారా నవ్వి వెళ్తారు.