గుమ్మం దిక్కు చెప్పని ఏదుపంది

మోదుగుల కోన అని ఒక అడవి. ఎండాకాలం వచ్చిందంటే కొండవాలంతా మోదుగుపూలతో ఎర్రబడిపోయేది. దూరాన్నించి చూసినవాళ్ళు కొండ అంటుకుందేమో అని భయపడేవాళ్ళు. ఆ కోనలో ఏదుపందులు, పందికొక్కులు, ముంగిసలు, ఉడుతలు, నీటికుక్కలు, ఇంకా రకరకాల పక్షులు ఉండేవి. వాటన్నిటికీ కలిపి ఒక కళాశాల కూడా ఉండేది.

అక్కడ ఎవరి చదువు వారిది. నేల తవ్వేవాళ్ళకు తవ్వుడు చదువు. చెట్లెక్కేవాళ్ళకు ఎక్కుడు చదువు. ఈదేవాళ్ళకు ఈత చదువు. ఎగిరేవాళ్ళకు గాలి చదువు. ఒకరి చదువు ఇంకొకరికి పట్టేది కాదు.

తవ్వుడు చదువులో అందరికంటే ముందుండేవాడు సూదన్న అనే ఏదుపంది. వాడి గోళ్ళు తగిలితే గులకనేల కూడా పిండిలా రాలేది. ఆ చదువు చివర పరీక్ష ఒక్కటే. ఎవరి బొరియ వాళ్ళు తవ్వుకోవాలి. తొలకరి వాన కురిశాక, ఒంటినిండా పొలుసులుండే అలుగు మాస్టారు వచ్చి చూస్తారు. లోపల పొడిగా ఉంటే పట్టా ఇస్తారు. తడిసిందో, ఇంకో ఏడాది చదవాలి.

సూదన్న నాలుగు నెలలు కష్టపడి తవ్వాడు. గుమ్మం పడమటివైపు పెట్టాడు. ఎందుకంటే సాయంత్రం పూట ఎండ సరాసరి లోపలికి వచ్చి గోడలన్నీ పసుపు రాసినట్టు మెరిసేవి. ఆ వెలుగులో పడుకుని, పట్టా చేతికొచ్చిన రోజు ఎలా ఉంటుందో కలలు కనేవాడు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇలా ఉండగా, కళాశాలకు పెద్దదిక్కయిన ముసలి ఏనుగు ఒక ఉత్తర్వు వేసింది. "తవ్వుడు చదువు పిల్లలు కూడా నెల్లాళ్ళు గాలి పాఠం వినాలి. తీతువు పంతులమ్మ చెబుతుంది."

పిల్లలకు ఒళ్ళు మండింది.

"గాలితో మనకేం పని? మనమేమన్నా ఎగురుతామా?" అన్నాడు ముంగిస.

"వినకపోతే పట్టా ఇవ్వరట తమ్ముడూ," అంది బుంగమ్మ. బుంగమ్మ ఒక పందికొక్కు. పని నెమ్మది, తవ్వితే దారి వంకర. బుంగక్క బొరియ వానపాము గీసిన గీతలా ఉంటుందని అందరూ వేళాకోళం చేసేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది.

 సూదన్నకు మొదటినుంచీ తీతువంటే అనుమానమే. తీతువు కూస్తే కీడని వాళ్ళ అమ్మమ్మ చెప్పేది.

మొదటి రోజు పంతులమ్మ వచ్చి, పక్షిపిల్లలకు చెప్పినట్టే పాఠం మొదలుపెట్టింది. "ఎదురుగాలిలో తోక ఈకలు విప్పాలి. రెక్క కొస కొంచెం వంచాలి."

ముంగిస లేచి నిలబడ్డాడు. "పంతులమ్మా, మా తోకలకు ఈకలు ఎప్పుడు పంచుతారు?"

అందరూ పడీ పడీ నవ్వారు. పంతులమ్మ కోప్పడలేదు.  మెల్లగా ఇంకో మాట చెప్పింది. "ఈ గాలి ఎక్కడో సముద్రం మీద పుడుతుంది. కొండలెక్కి దిగి, అలిసిపోయి, చివరికి మీ గుమ్మం ముందుకొచ్చి నిలబడుతుంది. ఏం తెచ్చిందో అడిగి తెలుసుకోవాలి కదా నాయనా."

ఆ మాటకు సూదన్న గుండె ఎందుకో ఝల్లుమంది. చూడని సముద్రం కళ్ళముందు కదిలింది. వెంటనే ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. 'ఇంత తియ్యగా మాట్లాడేవాళ్ళు ఊరికే మాట్లాడరు. ఏదో ఉంది' అనుకున్నాడు.

ఆ ఏదో ఏమిటో మర్నాడు బయటపడిందనిపించింది. పంతులమ్మ ఈకల మాట ఎత్తనే లేదు. వస్తూనే, "మీ బొరియల గుమ్మాలు ఏ దిక్కు చూస్తాయి?" అని అడిగింది.

పిల్లలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నేలలో కాపురముండేవాళ్ళకు ఒక కట్టడి ఉంది. కన్నతల్లి అడిగినా గుమ్మం జాడ చెప్పకూడదు. గుమ్మం చెప్పడమంటే ప్రాణం చెప్పడమే. నిరుడు ఒక ఉడుము ఇలాగే మంచి మాటలతో యోగక్షేమాలు అడుగుతూ ఇల్లిల్లూ తిరిగింది. వారం తిరక్కుండా మూడు బొరియల్లో పిల్లలు మాయమైపోయాయి.

పంతులమ్మకు వాళ్ళ భయం అర్థమైంది. "గుమ్మం ఎక్కడుందో నాకొద్దు. దిక్కు చెప్పండి చాలు. అందరిముందూ వద్దు. రేపటినుంచి ఒక్కొక్కరే ఆ ఇప్పచెట్టు కిందికి వచ్చి నా చెవిలో చెప్పండి," అంది.

దాంతో సూదన్న అనుమానం ఇంకా పెరిగింది. మంచి మాటైతే చెవిలో ఎందుకు?

ఆ మధ్యాహ్నం వాడు తుప్పల చాటున దాక్కుని ఆమెను కనిపెట్టాడు. తీతువు కొండవాలు మీద తక్కువ ఎత్తులో చక్కర్లు కొట్టింది. ఒకచోట వాలింది. రెండడుగులు నడిచింది. మళ్ళీ లేచి ఇంకోచోట వాలింది. అవన్నీ బొరియలున్న చోట్లే. సూదన్న పరుగున వెళ్ళి తోటివాళ్ళను పోగేశాడు.

"మన గుమ్మాలు వెతుకుతోంది. డేగకో ఉడుముకో కబురు మోస్తోంది. నా కళ్ళతో చూశాను."

"కబురు మోసేది అడిగి మరీ మోస్తుందా?" అంది బుంగమ్మ.

"నీకేం తెలుసు బుంగక్కా. నీ వంకర బొరియలోకి దొంగ దూరినా దారి తెలీక అక్కడే ముసలాడైపోతాడు. మా సంగతి అది కాదు."

అందరూ నవ్వారు. సూదన్న గొంతు తగ్గించాడు. "ఎవరూ నిజం చెప్పకండి. గుమ్మం ఎటున్నా సరే, తూర్పు అనండి."

మర్నాడు ఇప్పచెట్టు కింద సూదన్న వంతు వచ్చింది. పంతులమ్మ ఏమీ తెలియనట్టు చూసింది. ఆ చూపు కూడా నటనే అనుకున్నాడు వాడు.

"తూర్పు," అన్నాడు.

"తూర్పా? అయితే తొలకరికి నీకు భయం లేదు నాయనా. గుమ్మానికి ఏ అడ్డూ పెట్టకు. కాస్త వెడల్పు కూడా చెయ్యి, లోపల గాలి ఆడుతుంది. కార్తీకంలో తూర్పుగాలి తిరిగినప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం."

సూదన్న లోలోపల పళ్ళు కొరికాడు. 'చూశావా, గుమ్మం వెడల్పు చెయ్యమంటోంది. అడ్డు పెట్టొద్దట. డేగకు వీలుగా ఉండాలి కాబోలు.' గుమ్మం ముట్టుకోకుండా ఉన్నదున్నట్టే ఉంచాడు.

బుంగమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె చాలాసేపు చెట్టుకింద ఉంది. అక్కడ ఏం అడిగిందో, ఏం విందో ఎవరికీ తెలియదు. ఆ రోజునుంచి మాత్రం ఆమె పనిలో పడింది. గుమ్మం ముందు మట్టికట్ట పోసింది. లోపల దారిని పైకి ఎత్తి ఒక వంపు తిప్పింది. వెనకవైపు మెరక మీద ఇంకో దారి తెరిచింది.

"అక్కా, దొంగకు రెండో తలుపు కూడా పెట్టావా? తాంబూలం కూడా ఇస్తావా?" అని ముంగిస ఎగతాళి చేశాడు.

"మొదట నేనూ భయపడ్డాను తమ్ముడూ," అంది బుంగమ్మ చేతుల మట్టి దులుపుకుంటూ. "ఇదేమిటి పంతులమ్మా, మా గుమ్మాలతో మీకేం పని అని మొహానే అడిగేశాను. ఆమె చెప్పింది. నాకు నమ్మకం కుదిరి, నా దిక్కు నిజం చెప్పేశాను."

"ఏం చెప్పింది?" అని ముంగిస అడగబోయాడు. సూదన్న వాడి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. "వినకు. విన్నావంటే నువ్వూ పడిపోతావు."

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. నల్లటి మబ్బు, అంచున వెండితీగలాంటి మెరుపు. సూదన్న గుమ్మంలో కూర్చుని దాన్ని చూస్తూ మైమరిచిపోయాడు. ఇంతలో గాలి లేచింది. సరాసరి పడమటినుంచే వచ్చింది. దాని వెంట వాన. ఆ వాన పైనుంచి పడలేదు. ఏటవాలుగా, ఎవరో కుండలతో విసిరికొట్టినట్టు గుమ్మంలోకే వచ్చిపడింది.

సూదన్న మట్టి అడ్డం వేశాడు. కొట్టుకుపోయింది. వీపు అడ్డం పెట్టాడు. ముళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. నాలుగు నెలల పాటు నున్నగా చెక్కిన గోడలు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడ్డాయి. చివరికి ప్రాణం దక్కించుకుని బయటికి ఉరికాడు. ముంగిస అప్పటికే బయట తడిసి ముద్దై నిలబడి ఉన్నాడు.

మెరకమీది దారిలోంచి బుంగమ్మ తల బయటపెట్టింది. "అక్కడ నిలబడి ఏం చేస్తారు? లోపలికి రండి. సూదన్నా, నువ్వు ముళ్ళు ముడుచుకుని రా. నా పిల్లలు నిద్రపోతున్నాయి."

లోపల పొడిగా, వెచ్చగా ఉంది. సూదన్న ఒక మూల ముడుచుకుని కూర్చున్నాడు. ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

వాన వెలిశాక అలుగు మాస్టారు వచ్చారు. కూలిన బొరియ ముందు ఆగి, ఒక పెళ్ళ తీసి నిమిరి చూశారు. "ఇంత నున్నటి గోడ నా సర్వీసులో చూళ్ళేదురా. కానీ వాన గోడల నునుపు చూసి ఆగదు," అన్నారు. ఆ ఏడు పట్టా బుంగమ్మకు ఇచ్చారు. సూదన్నకు ఇంకో ఏడాది చదువు పడింది.

వాడు ఉక్రోషం పట్టలేక తీతువు దగ్గరికి వెళ్ళాడు. "బుంగక్కకు అన్నీ చెప్పారు. నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు తూర్పన్నావు. తూర్పుకే చెప్పాను," అంది పంతులమ్మ.

సూదన్న తల దించుకున్నాడు. అయినా ఒక ముల్లు లోపల గుచ్చుతూనే ఉంది. "మరి మధ్యాహ్నాలు మా బొరియల మీద ఎందుకు తిరిగారు?"

"అది ఆ రోజే అడిగితే ఆ రోజే చెప్పేదాన్ని కదయ్యా. ఆకాశంలో గాలి నాకు తెలుసు. నేలమీద గాలి ఎటు తిరుగుతుందో నాకూ తెలీదు. ఈకల పాఠం మీకు పనికిరాదని మొదటిరోజే అర్థమైంది. అందుకే మీకోసం కొత్తగా నేర్చుకున్నాను. బుంగమ్మ అడిగింది, ఆమెకూ ఇదే చెప్పాను."



మరుసటి ఏడు మోదుగులు మళ్ళీ పూశాయి. వాడు కొత్త బొరియ తవ్వుకున్నాడు. ఇప్పచెట్టు కింద వాడి వంతు వచ్చింది. పంతులమ్మ దిక్కు అడిగింది. 'తూర్పు' అన్న మాట నాలుక కొసదాకా వచ్చేసింది. సూదన్న దాన్ని మింగేశాడు. అటూ ఇటూ ఒకసారి చూశాడు. దగ్గరికి జరిగి, ఆమె చెవిలో మెల్లగా అన్నాడు.

"దక్షిణం."

"దక్షిణమా, అయితే కూర్చో," అని పంతులమ్మ పాఠం మొదలుపెట్టింది.

నీతి: అనుమానం వస్తే అడిగి తీర్చుకోవాలి, గురువుకు అబద్ధం చెప్పి నేర్చుకున్న చదువు ఆ అబద్ధానికే పనికొస్తుంది, మనకు కాదు.